విండోస్ 7లో కొన్ని హెచ్‌టీటీపీఎస్ సైట్లు మాత్రమే తెరుచుకోవట్లేదు

తాటాకు_పందిరి:

ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉంది. ఈ మధ్యే షాపులో విండోస్ 7 మళ్లీ ఎక్కించారు. సర్వీస్ ప్యాక్ 1, 32 బిట్, 2 జీబీ ర్యామ్. క్రోమ్ వెర్షన్ 87, అది కూడా షాపువాళ్లు పెన్‌డ్రైవ్‌లోంచి వేసిందే. నెట్ ఫైబర్. రౌటర్ నుంచి లాన్ కేబుల్ నేరుగా సిస్టమ్‌కి.

గూగుల్, యూట్యూబ్ బాగానే వస్తున్నాయి. మిగతా వాటిలో రెండు రకాల గొడవ.

పిల్లల స్కూల్ సైటు, నేను చదివే రెండు తెలుగు బ్లాగులు తెరిస్తే ఎర్రటి త్రికోణం పడి ‘యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్’ అంటుంది. కింద చిన్న అక్షరాల్లో ‘నెట్ ఎర్ సర్ట్ అథారిటీ ఇన్‌వ్యాలిడ్’ అని ఉంటోంది.

కరెంటు బిల్లు కట్టే సైటు, బ్యాంకు సైటు అయితే ఎర్రర్ కూడా రాదు. చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఎడమవైపు కింద ‘ఎస్టాబ్లిషింగ్ సెక్యూర్ కనెక్షన్’ దగ్గర ఆగిపోయి, చాలాసేపటికి ‘టైమ్‌డ్ అవుట్’ అంటుంది.

ఫోన్‌లో ఇవన్నీ వస్తున్నాయి. గడియారం, తేదీ సరిగ్గానే ఉన్నాయి. యాంటీవైరస్ తీసేసి చూశాను, క్యాష్, కుకీలు తుడిచేశాను. మార్పు లేదు. మళ్లీ ఫార్మాట్ కొట్టించడమేనా?

చిన్నసైజు_స్క్రూ:

కంట్రోల్ ప్యానెల్‌లో ఇంటర్నెట్ ఆప్షన్స్, అందులో అడ్వాన్స్‌డ్ ట్యాబ్, అట్టడుగున ‘యూజ్ టీఎల్ఎస్ 1.2’కి (సైటుతో జరిగే మాటలను గుట్టుగా ఉంచే పద్ధతి అది) టిక్ పెట్టండి. అయినా రాకపోతే ఆ ఎర్ర పేజీలో అడ్వాన్స్‌డ్ నొక్కి ‘ప్రొసీడ్’ కొట్టేయండి, తెరుచుకుంటుంది.

మూడోతాళం:

ప్రొసీడ్ కొట్టొద్దండీ, దయచేసి. ఇది యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చే సిస్టమ్. ‘అథారిటీ ఇన్‌వ్యాలిడ్’ అంటే అవతల ఉన్నది అసలు సైటో, మధ్యలో దూరినవాడో తేల్చుకోలేకపోతున్నానని బ్రౌజర్ చెబుతోందని అర్థం. అక్కడ ప్రొసీడ్ కొట్టడం అలవాటైతే నిజంగా మధ్యలో ఎవడో దూరిన రోజున కూడా అదే పేజీ వస్తుంది, చెయ్యి అలవాటుగా అదే బటన్ మీదకు పోతుంది.

టీఎల్ఎస్ టిక్ కూడా మీ క్రోమ్‌కి పనికిరాదు. అది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి, విండోస్ సొంత ఎన్‌క్రిప్షన్ వాడుకునే ప్రోగ్రాములకి. క్రోమ్ తన టీఎల్ఎస్ తానే తెచ్చుకుంటుంది, 87లో 1.2, 1.3 రెండూ ఉన్నాయి. పైగా వెర్షన్ దగ్గర తేడా వస్తే ‘వెర్షన్ ఆర్ సైఫర్ మిస్‌మ్యాచ్’ అని వేరే కోడ్ పడుతుంది. మీకు పడింది అది కాదు.

మీవి రెండు వేర్వేరు జబ్బులు. ముందు ఎర్ర పేజీ సంగతి చూద్దాం.

సైటు తాను అసలుదేనని చూపే గుర్తింపు కాగితం లాంటిది సర్టిఫికెట్. ప్రతి సైటు సర్టిఫికెట్‌కీ పైన ఒక రూట్ సర్టిఫికెట్ పూచీ ఉంటుంది. ఆ పూచీదారుల జాబితాను ఫైర్‌ఫాక్స్ తన దగ్గరే ఉంచుకుంటుంది. క్రోమ్ మాత్రం 105వ వెర్షన్ ప్రాంతం దాకా విండోస్ జాబితానే చూసేది. మీ 87 కూడా అంతే. విండోస్ 7 డీవీడీలో వచ్చే జాబితా చాలా చిన్నది. కొత్త రూట్ ఎదురైనప్పుడల్లా విండోస్ మైక్రోసాఫ్ట్ సర్వర్ నుంచి ఆ ఒక్కదాన్నీ చప్పుడు చేయకుండా దించుకుంటుంది. ఆ దించుకోవడం ఆగిపోతే కొత్త రూట్ కింద ఉన్న సైట్లన్నీ ఎర్ర పేజీలే.

చిన్న సైట్లు, బ్లాగులు, స్కూళ్లు ఎక్కువగా లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచిత సర్టిఫికెట్ వాడతాయి. దాని పాత పూచీదారు ‘డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3’ గడువు 2021 సెప్టెంబర్ 30న తీరిపోయింది. ఇప్పుడు ‘ఐఎస్ఆర్‌జీ రూట్ ఎక్స్1’ కావాలి. అది మీ డీవీడీలో ఉండే అవకాశమే లేదు. గూగుల్ సైట్లకు వేరే రూట్ కాబట్టి అవి వస్తున్నాయి.

ఇది నా ఊహే. ఇలా రూఢి చేసుకోండి. ఎర్ర పేజీలో అడ్రస్ పక్కన ‘నాట్ సెక్యూర్’ నొక్కి, సర్టిఫికెట్ తెరిచి, ‘సర్టిఫికేషన్ పాత్’ ట్యాబ్ చూడండి. అక్కడ యాంటీవైరస్ పేరో, ఎన్నడూ వినని పేరో ఉంటే కథ వేరు, వెంటనే ఇక్కడ రాయండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ గానీ ఐఎస్ఆర్‌జీ గానీ ఉంటే, ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, అప్లికేషన్ తెరిచి ‘క్యాపి2’ అనే సోర్స్ వెతకండి. ఈవెంట్ 8 లేదా 11, ‘ఫెయిల్డ్ ఆటో అప్‌డేట్’, ‘థర్డ్ పార్టీ రూట్ లిస్ట్’ అన్న మాటలు కనపడితే దొంగ దొరికినట్టే.

అప్‌డేట్ ఆగడానికి మామూలుగా రెండు కారణాలు. ఒకటి, ‘టర్న్ ఆఫ్ ఆటోమేటిక్ రూట్ సర్టిఫికెట్స్ అప్‌డేట్’ అనే పాలసీ ఆన్‌లో ఉండటం. రిజిస్ట్రీలో హెచ్‌కే లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, పాలసీస్, మైక్రోసాఫ్ట్, సిస్టమ్‌సర్టిఫికెట్స్, ఆథ్‌రూట్ దాకా వెళ్లండి. ‘డిసేబుల్ రూట్ ఆటో అప్‌డేట్’ విలువ 1 ఉంటే 0 చేయండి. రెండోది హోస్ట్స్ ఫైల్, అంటే ఏ సైటు పేరు ఏ అడ్రస్‌కి వెళ్లాలో సిస్టమ్ ముందుగా చూసుకునే జాబితా. సీ డ్రైవ్, విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ ఫోల్డర్‌లో ఉంటుంది. ముందు నోట్‌ప్యాడ్ మీద రైట్ క్లిక్ చేసి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ పెట్టి, అందులోంచి ఈ ఫైల్ తెరవండి. లేదంటే సేవ్ కాదు. ముందు హ్యాష్ గుర్తు లేని లైన్లు ఏమున్నాయో చూడండి.

ఇంకోటి, గంట సరిగ్గా ఉందన్నారు గానీ టైమ్ జోన్ చూశారా? విండోస్ ఎక్కించేటప్పుడు మార్చకపోతే అమెరికా పసిఫిక్ టైమ్ ఉండిపోతుంది. దాని మీద మన గంట పెడితే గడియారం చూపుకి సరిగ్గానే ఉంటుంది, లోపల మాత్రం సిస్టమ్ పదమూడున్నర గంటలు ముందుంటుంది, వాళ్ల వేసవిలో పన్నెండున్నర. మీ ఎర్రర్ దీనివల్ల వచ్చింది కాదు, అదైతే ‘డేట్ ఇన్‌వ్యాలిడ్’ అనేది. అయినా యూటీసీ ప్లస్ 5:30కి మార్చేయండి.

తాటాకు_పందిరి:

మీరన్నట్టే ఉంది సర్. పాత్‌లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ పేరే ఉంది. క్యాపి2 ఈవెంట్ 8 వరసగా చాలా ఉన్నాయి. పాలసీ ఏమీ లేదు. హోస్ట్స్ ఫైల్‌లో మాత్రం 0.0.0.0తో మొదలయ్యే లైన్లు పేజీడు ఉన్నాయి, చాలావాటిలో విండోస్‌అప్‌డేట్ అన్న పేరుంది. తీసేయొచ్చా? టైమ్ జోన్ కూడా పసిఫిక్‌లోనే ఉంది, మార్చాను.

మూడోతాళం:

తీసేయండి. అప్‌డేట్లు రాకుండా ఆపే స్క్రిప్ట్ ఏదో నడిపి ఉంటారు. దాంతోపాటే రూట్ జాబితా దారి కూడా మూసుకుపోయింది. లైన్లు తీసి సేవ్ చేశాక కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఫ్లష్‌డీఎన్ఎస్’ కొట్టి, సిస్టమ్ ఒకసారి రీస్టార్ట్ చేసి, స్కూల్ సైటు తెరవండి. మొదటిసారి రెండు మూడు క్షణాలు ఆలస్యమవుతుంది. రూట్ దిగుతోందన్నమాట.

అలా దిగకపోతే చేత్తో వేయొచ్చు. ఫోన్‌లోగానీ వేరే సిస్టమ్‌లోగానీ లెట్స్ ఎన్‌క్రిప్ట్ అసలు సైటులోని సర్టిఫికెట్ల పేజీ నుంచి ఐఎస్ఆర్‌జీ రూట్ ఎక్స్1, డీఈఆర్ రకం ఫైల్ దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. రూట్ సర్టిఫికెట్ ఎక్కడంటే అక్కడ దొరికింది వేయకూడదు. ఒక తప్పుడు రూట్ ఎక్కితే దాని యజమాని ఏ బ్యాంకు పేరుతోనైనా దొంగ సైటు నిలబెట్టగలడు, మీ బ్రౌజర్ పచ్చగా నమ్మేస్తుంది. అందుకే ఫైల్‌ను డబుల్ క్లిక్ చేసి, డీటెయిల్స్‌లో ‘థంబ్‌ప్రింట్’ చూడండి. మొదటి నాలుగు జతలు ‘సీఏ, బీడీ, 2ఏ, 79’ అని, చివరి నాలుగు ‘43, 29, ఏ5, ఈ8’ అని ఉండాలి. గడువు 2035 జూన్ 4.

విండోస్ 7 ఇంపోర్ట్ విజార్డ్ మీ ఒక్క యూజర్ ఖాతాకే వేస్తుంది. ఇంట్లో అందరి ఖాతాలకీ పనిచేయాలంటే అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో ‘సర్ట్‌యుటిల్’, స్పేస్, ‘మైనస్ యాడ్‌స్టోర్’, స్పేస్, ‘రూట్’, స్పేస్, ఫైల్ పేరు కొట్టండి.

రెండో జబ్బు సర్టిఫికెట్‌ది కాదు. అది నెట్‌వర్క్ తెలిసినవాళ్లు చూడాలి.

తీగలాగు:

నేను చూస్తాను. తాటాకు_పందిరి గారూ, ఫోన్‌లో వస్తున్నాయన్నారు కదా, అది ఇంటి వైఫై మీదా, సిమ్ డేటా మీదా? డేటా ఆపేసి, వైఫై మీదే ఆ కరెంటు బిల్లు సైటు తెరిచి చూడండి.

తాటాకు_పందిరి:

హోస్ట్స్ లైన్లు తీసేశాక స్కూల్ సైటు, బ్లాగులు వచ్చేశాయి! చేత్తో వేయాల్సిన పని పడలేదు. మూడోతాళం గారికి చాలా థాంక్స్.

తీగలాగు గారూ, ఇన్నాళ్లూ ఫోన్‌లో చూసింది డేటా మీద. వైఫై మీద పెడితే ఫోన్‌లో కూడా ఆ రెండు సైట్లూ తిరుగుతూనే ఉన్నాయి.

తీగలాగు:

అయితే సిస్టమ్ తప్పేం లేదు. ఎంటీయూ చూడాలి, అంటే లైన్ మీద ఒక్కసారిగా పట్టే ప్యాకెట్ సైజు. మామూలు ఈథర్‌నెట్‌లో 1500, ఫైబర్ వాళ్లు పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లైన్ కలిపే పద్ధతి) వాడితే అందులో 8 బైట్లు పోయి 1492. దారిలో ఎక్కడో ఇంకా తగ్గితే, అక్కడి రౌటర్ ‘ఇది పట్టదు, చిన్నది పంపు’ అని కబురు పెట్టాలి. ఆ ఐసీఎంపీ కబురును మధ్యలో ఎవరైనా బ్లాక్ చేస్తే సర్వర్‌కి ఏమీ తెలియదు, అదే పెద్ద ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపుతుంది, ప్రతిసారీ అది దారిలోనే పోతుంది.

మీ చక్రం సరిగ్గా ‘సెక్యూర్ కనెక్షన్’ దగ్గరే ఎందుకు ఆగుతోందంటే, కనెక్షన్ మొదలయ్యే ప్యాకెట్లు పదుల బైట్లవి, దాటిపోతాయి. మీ క్రోమ్ పంపే మొదటి టీఎల్ఎస్ పలకరింపు 517 బైట్లు, అదీ దాటుతుంది. దానికి జవాబుగా సర్వర్ పంపే సర్టిఫికెట్ల గొలుసు రెండు మూడు వేల బైట్లకు పైనే. ఆ లైన్‌లో మొదటి నిండు ప్యాకెట్ అదే, ఇరుక్కునేదీ అక్కడే. కొన్ని పెద్ద సైట్ల సర్వర్లు జవాబు రాకపోతే తామే సైజు తగ్గించి చూస్తాయి, అందుకని అవి తెరుచుకుంటాయి.

కొలిచే పద్ధతి: ‘పింగ్ 1.1.1.1’ రాసి, స్పేస్, ‘మైనస్ ఎఫ్’, స్పేస్, ‘మైనస్ ఎల్’, స్పేస్, 1472. 8.8.8.8 వాడొద్దు, అది పెద్ద పింగ్‌కి జవాబును కుదించి పంపుతుంది, తిరుగుదారి కొలత తేలదు. పీపీపీఓఈ లైన్‌లో 1472కి ‘ప్యాకెట్ నీడ్స్ టు బీ ఫ్రాగ్మెంటెడ్’ రావడం మామూలే. అది రౌటర్ నిజాయితీగా చెప్పడం. తర్వాత 1464 కొట్టండి. దానికి జవాబు రావాలి. జవాబు బదులు ‘రిక్వెస్ట్ టైమ్‌డ్ అవుట్’ వస్తే కబురు మధ్యలో పోతోందని అర్థం. అప్పుడు 1400 పెట్టి చూసి, 4 చొప్పున పెంచుకుంటూ జవాబొచ్చే అతి పెద్ద అంకె పట్టుకోండి. దానికి 28 కలిపితే మీ అసలు ఎంటీయూ. 20 ఐపీ హెడర్‌కి, 8 ఐసీఎంపీకి.

తాటాకు_పందిరి:

1472కి ఫ్రాగ్మెంటెడ్ అని వచ్చింది. 1464కి టైమ్‌డ్ అవుట్. 1400కి జవాబొచ్చింది, 1432 దాకా వస్తోంది, 1436 నుంచి మళ్లీ టైమ్‌డ్ అవుట్.

తీగలాగు:

1432కి 28 కలిపితే 1460. ప్రొవైడర్ లోపల మీ లైన్ ఎల్‌2టీపీ టన్నెల్ (ప్యాకెట్‌ను ఇంకో ప్యాకెట్‌లో చుట్టి పంపే దారి) మీద వెళ్తుంటే సరిగ్గా ఇలాంటి అంకే వస్తుంది.

ముందు సిస్టమ్‌లో తాత్కాలికంగా పెట్టి నిర్ధారించుకోండి. అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘నెట్‌ఎస్‌హెచ్ ఇంటర్‌ఫేస్ ఐపీవీ4 సెట్ సబ్‌ఇంటర్‌ఫేస్’, తర్వాత డబుల్ కోట్స్‌లో ‘లోకల్ ఏరియా కనెక్షన్’, తర్వాత ‘ఎంటీయూ=1460 స్టోర్=యాక్టివ్’. రీస్టార్ట్ చేస్తే పోతుంది కాబట్టి భయం లేదు. దీంతో మీ సిస్టమ్ కనెక్షన్ మొదట్లోనే ‘నాకు 1420 బైట్లకు మించి డేటా పంపకు’ అని సర్వర్‌కి చెప్పేస్తుంది. బిల్లు సైటు తెరుచుకుంటే రుజువైనట్టే.

ఆ తర్వాత అసలు మార్పు రౌటర్‌లో చేయాలి, ఫోన్లు కూడా బాగుపడాలి కదా. రౌటర్ పేజీలో వాన్ సెట్టింగ్స్, పీపీపీఓఈ కనెక్షన్, ఎంటీయూ 1492 ఉన్నచోట 1460 పెట్టి సేవ్ చేసి రీబూట్ చేయండి. ‘ఎంఎస్ఎస్ క్లాంపింగ్’ (ఆ బైట్ల హద్దును అన్ని సిస్టమ్‌ల తరఫునా రౌటరే సర్వర్‌కి చెప్పడం) అనే ఆప్షన్ కనపడితే ఆన్ చేయండి. ఇంట్లో కొత్త ల్యాప్‌టాప్ ఉంటే ఇది ఇంకా ముఖ్యం. క్రోమ్ 124 నుంచి క్వాంటమ్ దాడులకు తట్టుకునే కీ కూడా మొదటి పలకరింపులోనే పంపుతోంది, అదొక్కటే 1200 బైట్లు దాటుతుంది. అంటే ఇకమీదట ఇటునుంచి వెళ్లేది కూడా ఇరుక్కోవచ్చు.

కొన్ని ప్రొవైడర్ల పెట్టెల్లో ఈ పేజీకి తాళం వేసి ఉంచుతారు. అలాగైతే కస్టమర్ కేర్‌కి ‘సైట్లు రావట్లేదు’ అని చెప్పొద్దు, డీఎన్ఎస్ మార్చుకోమని ఫోన్ పెట్టేస్తారు. ‘1.1.1.1కి 1432 వెళ్తోంది, 1436 టైమ్‌డ్ అవుట్, ఫ్రాగ్మెంటేషన్ మెసేజ్ రావట్లేదు’ అని ఈ అంకెలతోనే కంప్లయింట్ రాయించండి.

తాటాకు_పందిరి:

యాక్టివ్ కమాండ్ కొట్టగానే రెండు సైట్లూ వెంటనే తెరుచుకున్నాయి. రౌటర్‌లో 1460 పెట్టాను, ఫోన్‌లో వైఫై మీద కూడా వస్తున్నాయి. ఎంఎస్ఎస్ ఆప్షన్ మా రౌటర్‌లో లేదు.

మూడోతాళం:

మంచిది. ఒక పని మాత్రం ఇవాళే చేయండి. ఆ క్రోమ్ 87లో పాత సెక్యూరిటీ లోపాలన్నీ తెరిచే ఉన్నాయి. విండోస్ 7కి వచ్చిన చివరి క్రోమ్ 109, దానికీ తర్వాత ప్యాచ్‌లు లేవు. ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్ (ఎక్కువకాలం ప్యాచ్‌లు వచ్చే రకం) వేసుకోండి, మొజిల్లా సొంత సైటు నుంచి, 32 బిట్ది. 115.13 కంటే పాతది దొరికితే వద్దు. దానిలోని ఒక రూట్ గడువు 2025 మార్చి 14న తీరిపోయి యాడ్‌ఆన్లు ఆగిపోతాయి.

బ్యాంకు పని మాత్రం ఈ సిస్టమ్ మీద పెట్టుకోకండి. విండోస్ 7కి మామూలు సపోర్ట్ 2020 జనవరి 14తోనే ముగిసింది. పైగా హోస్ట్స్ ఫైల్ మార్చిన ఆ స్క్రిప్ట్ ఇంకేం మార్చిందో మనకు కనపడట్లేదు. ప్రాసెసర్ 64 బిట్ది అయితే ర్యామ్ 4 జీబీ చేసి విండోస్ బదులు లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తే బ్రౌజింగ్‌కి హాయిగా సరిపోతుంది. ప్రాసెసర్ మోడల్, మదర్‌బోర్డ్ పేరు ఇక్కడ పెట్టండి, డీడీఆర్2నా డీడీఆర్3నా చూసి ఏ ర్యామ్ కొనాలో చెబుతాను.