గ్రాఫును చెవితో చదవడం సాధ్యమేనా?

ప్రశ్న (గణితం మాస్టారు): ఇంటర్ తరగతిలో నా వద్ద చదివే ఒక అమ్మాయికి చూపు లేదు. నెలవారీ వర్షపాతం గ్రాఫును మాటల్లో చెబితే పన్నెండు అంకెలూ ఆమెకు గుర్తుంటున్నాయి గానీ, గీత ఎక్కడ లేచిందో, ఎక్కడ పడిందో అందడం లేదు. సమాచారాన్ని ధ్వనిగా మార్చే సోనిఫికేషన్ ఇందుకు పనికొస్తుందా, లేక అది వినోదానికేనా?

సమాధానం (మత్తు వైద్యుడు): ఆపరేషన్ థియేటర్‌లో మేము రోజూ ఆధారపడేది దానిమీదే. పల్స్ ఆక్సీమీటరు ప్రతి నాడికీ ఒక బీప్ ఇస్తుంది. బీప్‌ల వేగం గుండె వేగాన్ని, వాటి శ్రుతి రక్తంలోని ఆక్సిజన్ శాతాన్ని తెలుపుతాయి. రోగి గొంతులోకి గొట్టం దింపుతున్నప్పుడు శ్రుతి దిగడం మొదలైతే, తెర వైపు చూడకుండానే మాకు తెలిసిపోతుంది. అయితే అది 94 శాతమా, 92 శాతమా అన్నది చెవి తేల్చలేదు.

సమాధానం (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి): మాస్టారూ, మిల్లీమీటర్లను నేరుగా హెర్ట్జ్‌లుగా, అంటే సెకనుకు కంపనాల సంఖ్యగా, మార్చకండి. 220 నుంచి 440కి, 440 నుంచి 880కి ఉన్న దూరాలు చెవికి ఒకేలా వినిపిస్తాయి కనుక, అలా మారిస్తే పై భాగంలోని హెచ్చుతగ్గులు అణిగిపోతాయి. సమానమైన తేడాలకు సమానమైన స్వరాంతరాలు ఇవ్వండి. ముందుగా కనిష్ఠ, గరిష్ఠ విలువల స్వరాలు వినిపించి, తరువాత పన్నెండు నెలలనూ నాలుగైదు సెకన్లలో నడిపించండి. వాన పడని నెలకు నిశ్శబ్దం పెడితే లెక్క నమోదు కాలేదని పొరబడే ప్రమాదం ఉంది, కాబట్టి దానికి అన్నిటికన్నా కింది స్వరమే ఉండాలి. ఐఫోన్‌లో 2021 నాటి ఐఓఎస్ 15 నుంచి గ్రాఫులను ఇలా వినిపించే సౌకర్యం ఉంది.

సమాధానం (భౌతికశాస్త్ర పరిశోధకుడు): చూపు కోల్పోయిన ప్యూర్టో రికో ఖగోళ శాస్త్రవేత్త వాండా దియాస్-మెర్సెడ్ తన పరిశోధననే ఈ పద్ధతిలో కొనసాగించారు గనుక ఇది వినోదమని నేను అనుకోను. కానీ వినిపించేవన్నీ ఒక్క కోవకు చెందవు. 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో పరిశోధన కేంద్రాలు పట్టిన గురుత్వ తరంగం సుమారు 35 నుంచి 250 హెర్ట్జ్‌ల మధ్య, అంటే మనకు వినిపించే పరిధిలోనే ఉంది. 2022లో నాసా వినిపించిన పెర్సియస్ గెలాక్సీ సమూహంలోని కృష్ణబిలం ధ్వనిని మాత్రం 57, 58 ఆక్టేవులు (ఒక్కో ఆక్టేవుకు కంపనాలు రెట్టింపవుతాయి) పైకి లేపవలసి వచ్చింది. ఏ మార్పు చేశారో చెప్పకుండా వినిపిస్తే, నా దృష్టిలో అది అక్షాలకు పేర్లు పెట్టని గ్రాఫే.

ప్రశ్న (గణితం మాస్టారు): ధన్యవాదాలు. రెండు జిల్లాలను పోల్చాలంటే రెండు స్వరాలనూ కలిపి వినిపించవచ్చా?

సమాధానం (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి): మొదట విడివిడిగా, తరువాత హెడ్‌ఫోన్‌లో ఒక్కో చెవికి ఒక్కో జిల్లా చొప్పున వినిపించండి. మూడో జిల్లాను మాత్రం కలపకండి.