క్రాస్ స్టిచ్ చేస్తుంటే రింగులో గుడ్డ వదులైపోతోంది, ఏం చేయాలి?

కాకినాడ_కుట్లు:

అందరికీ నమస్తే. రాధాకృష్ణుల బొమ్మ ఒకటి మొదలుపెట్టాను, 14 కౌంట్ ఐడా (అంగుళానికి 14 గళ్లు ఉండే క్రాస్ స్టిచ్ గుడ్డ) మీద, అడ్డం 210 కుట్లు, నిలువు 280. ఎనిమిది అంగుళాల చెక్క రింగు వాడుతున్నాను, ఫ్యాన్సీ షాపులో దొరికే మామూలుదే, పైన ఇత్తడి స్క్రూ ఉంటుంది. వేళ్లతో తిరిగినంత వరకూ స్క్రూ బిగిస్తాను, మొదట బాగానే ఉంటుంది కానీ కాసేపు కుట్టేసరికి మధ్యలో గుడ్డ కిందికి దిగిపోతుంది, మళ్లీ చుట్టూ పట్టి లాగుతాను, మళ్లీ దిగుతుంది. అలా లాగీ లాగీ ఇప్పుడు గళ్లు సమచతురస్రంగా లేవు, ఒక మూలకి సాగాయి. రింగు తీస్తే గుండ్రంగా గట్టి ముడత. పైగా కృష్ణుడి చెయ్యి దగ్గర కుట్టేసిన భాగం మీదే రింగు పడి అక్కడి కుట్లు అణిగిపోయాయి. ఇప్పుడు పెద్ద రింగు కొనాలా, ఫ్రేమ్ కొనాలా, స్టాండు కొనాలా? యూట్యూబులో ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు. గుడ్డ డప్పులా మోగాలి అంటారు, నిజంగా అంత అవసరమా? ఇంకోటి, అంచులు కూడా పీచు లేస్తున్నాయి.

పడుగుపేక:

ముందు ఏదీ కొనకండి. పెద్ద రింగు కొంటే మీ బాధ ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే రింగులో పట్టు అంతా అంచు దగ్గరే ఉంటుంది, అంచుకి ఎంత దూరమైతే మధ్య భాగం అంత తొందరగా కుంగుతుంది. ఆరు, ఏడు అంగుళాలైతే అన్నిటికన్నా హాయి, కింద నుంచి వేళ్లు మధ్య వరకూ అందుతాయి కూడా. ఎనిమిది పర్లేదు.

మీ రింగు మంచిదో కాదో ఇలా చూడండి. గుడ్డ లేకుండా రెండు చక్రాలూ కలిపి స్క్రూ బిగించి ట్యూబులైటు వైపు ఎత్తి పట్టుకోండి. రెండిటి మధ్య ఎక్కడైనా వెలుతురు కనిపిస్తే అక్కడ గుడ్డని పట్టుకునేవాళ్లు లేరన్నమాట. చవక వెదురు రింగుల్లో ఇది మామూలే, ఎక్కువగా స్క్రూకి అటూ ఇటూ సందు ఉంటుంది. సందు మరీ ఎక్కువైతే ఆ రింగుతో కుస్తీ పట్టడం దండగ, గోడకి తగిలించే అలంకారానికి పనికొస్తుంది.

సందు తక్కువైతే లోపలి చక్రానికి బొందు చుట్టండి. లంగా బొందే, మ్యాచింగ్ సెంటర్లో దొరుకుతుంది. కాకపోతే అల్లిన గుండ్రటి తాడు కాదు, అర అంగుళం వెడల్పున బల్లపరుపుగా నేసిన కాటన్ నాడా, అదీ తెల్లది. ఏటవాలుగా, ఒక చుట్టు మీదికి ఇంకో చుట్టు కొంచెం ఎక్కేలా, లాగి పట్టి చుట్టాలి. వదులుగా చుడితే చుట్టనట్టే. మొదలూ చివరా చక్రం లోపలి వైపున సూదీ దారంతో నాలుగు కుట్లు వేసి ఆపేయండి. గమ్ మాత్రం వద్దు, కొన్నాళ్లకి పసుపుపచ్చగా తేలి గుడ్డకి అంటుకుంటుంది. పాలిష్ పెట్టిన చెక్క మీద ఐడా జారుతుంది, నూలు మీద నూలు జారదు, అంతకు మించి ఇందులో రహస్యం లేదు. స్క్రూని ఎంత తిప్పినా రాని పట్టు ఈ బొందుతో వస్తుంది.

ఇక గళ్లు వంకర పోయిన సంగతి. అది మీరు ఐమూలగా లాగడం వల్లే. రింగు గుండ్రంగా ఉంటుంది కదా అని అందరూ చుట్టూ ఎక్కడ దొరికితే అక్కడ పట్టి లాగుతారు. గుడ్డకి పడుగూ పేకా రెండే దారులు. స్క్రూ సగం బిగించి, ముందు పైనా కిందా ఎదురెదురుగా లాగండి, తర్వాత కుడీ ఎడమా, అప్పుడు కాస్త బిగించి మళ్లీ ఒక విడత, ఆఖర్న పూర్తిగా. నాలుగు మూలల జోలికి వెళ్లొద్దు. లాగేటప్పుడు గుడ్డలోని ఒక నిలువు వరసని కంటితో పైనుంచి కింది దాకా చూసుకుంటూ ఉండండి, అది తిన్నగా ఉంటే మీరు సరిగ్గా లాగుతున్నట్టే. స్క్రూకి గాడి ఉంటే ఆఖరి అర చుట్టు స్క్రూడ్రైవరుతో తిప్పండి, పటకారు పెడితే మరలు అరిగిపోతాయి. స్క్రూ ఉన్న చోటు కూడా ముఖ్యమే, కుడిచేతి వాటం వాళ్లయితే గడియారంలో పది ఉండే వైపు, ఎడమచేతి వాళ్లు రెండు వైపు పెట్టుకుంటే దారం దానికి చుట్టుకోదు.

కుట్టడం ఆపగానే రింగు తీసేయాలి. టీ తాగి వస్తాను అనుకునేంత సేపు పర్లేదు గానీ రాత్రంతా వదిలేయకూడదు. ఆ గట్టి ముడత అలా వచ్చిందే.

చేతిలోనే_కుడతా:

పైన చెప్పినవన్నీ కరెక్టే గానీ అసలు ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు, అంత బిగువు అవసరమా అని అడిగారు కదా. అది మీరు ఎలా కుడతారన్న దాన్ని బట్టి ఉంటుందండీ. సూదిని పైనుంచి కిందికి గుచ్చి లాగి, మళ్లీ కింద నుంచి పైకి గుచ్చి లాగే పద్ధతి అయితే గుడ్డ ఎంత బిగువుగా ఉంటే అంత మంచిది. అదే సూదిని పైనే ఉంచి ఒక్క ఊపులో గుడ్డలోకి దూర్చి పక్క గడిలోంచి తీసే పద్ధతి అయితే, అంటే మామూలు బట్టలు కుట్టినట్టు, గుడ్డకి కొంచెం వంగే వీలు ఉండాలి, బిగించేస్తే సూదే తిరగదు. నేను రెండోరకం, ఐడా మీద అసలు రింగే పెట్టను. ఐడాకి గంజి పెట్టే అమ్ముతారు, కాబట్టి చేతిలో పట్టుకున్నా నిలబడుతుంది. కుట్టు చివర దారాన్ని మరీ గట్టిగా లాక్కుండా ఆపడం అలవాటైతే చాలు.

మ్యాటీ క్లాత్ మీద చేసేవాళ్లకి మాత్రం ఈ మాట వర్తించదు. మన షాపుల్లో చాలామంది క్రాస్ స్టిచ్ గుడ్డ అడిగితే మ్యాటీయే చేతిలో పెడతారు, అది మెత్తగా ఉంటుంది, చేతిలో పట్టుకుని కుడితే ముడుచుకుపోతుంది. దానికి పల్చగా గంజి పెట్టి, తడి ఉండగానే ఇస్త్రీ చేసుకుంటే చాలావరకూ ఐడాలా ప్రవర్తిస్తుంది.

కాకినాడ గారూ, మీ చెయ్యి ఏ పద్ధతిదో ముందు చూసుకోండి, లేకపోతే ఫ్రేము కొన్నాక అలవాటు మార్చుకోలేక దాన్ని అటక మీద పెడతారు.

పడుగుపేక:

గంజి మాటతో ఒప్పుకోను. బొమ్మ పూర్తయ్యేదాకా నెలలు పడుతుంది, అన్నాళ్లూ గంజి గుడ్డ మడతపెట్టి అల్మరాలో ఉంటే సిల్వర్‌ఫిష్ పురుగులు, బొద్దింకలు వెతుక్కుంటూ వస్తాయి. కోస్తాలో ఉక్కపోత, చేతి చెమట తగిలితే ఆ గంజి కాస్తా మెత్తబడుతుంది, అది ఐడాకున్న గంజికి కూడా తప్పదు. పెట్టి తీరాలంటే పూర్తయ్యాక ఉతికి మొత్తం వదిలించాలి.

చేతిలోనే_కుడతా:

ఉతక్కుండా ఫ్రేము కట్టించేవాళ్లు ఎవరండీ. చేతి జిడ్డు ఎలాగూ ఉంటుంది కదా. సరే, పురుగుల సంగతి ఒప్పుకుంటాను, గంజి గుడ్డని మూత గట్టి డబ్బాలో దాచుకోండి.

మగ్గం_బ్లౌజులు:

నేను క్రాస్ స్టిచ్ చేయను, బ్లౌజులకి మగ్గం వర్క్ చేస్తాను, అయినా బిగువు గురించి కాబట్టి చెప్తున్నా చెల్లీ. మేము గుడ్డని ఎక్కడా రెండు చెక్కల మధ్య నొక్కం. మగ్గం కర్రలకి ముందే పాత గుడ్డ పట్టీలు కట్టి ఉంటాయి, బ్లౌజు గుడ్డని పట్టీకి సూదితో కుట్టి, కర్రల బెజ్జాల్లో మేకులు జరిపి సాగదీసి, మిగతా రెండు పక్కలా గట్టి దారంతో గుడ్డనీ కర్రనీ కలిపి కట్టేస్తాం. అందుకే దాని మీద పూసలూ జర్దోసీ ఎంత బరువు పెట్టినా గుడ్డ కదలదు, రింగు ముడత అన్న మాటే ఉండదు.

మీరు కొనాలా అని అడిగిన ఫ్రేముల్లో రోలర్ ఫ్రేములు, అదే స్క్రోల్ ఫ్రేములు అంటారే, మా కోడలు ఒకటి కొంది, చూశాను. పైనా కిందా రెండు గుండ్రటి కర్రలు, పక్కన రెండు పట్టీలు, తిప్పే నట్లు. పైనా కిందా బాగానే బిగుస్తుంది గానీ పక్కలకి పట్టుకునేది ఏమీ లేదు, అందుకని మధ్యలో గుడ్డ లోపలికి లాక్కుపోతుంది. చాలామంది ఫ్రేము బాగాలేదు అని పక్కన పడేసేది అక్కడే. పక్కలు కూడా మగ్గానికి కట్టినట్టే కట్టాలి. గుడ్డ పక్క అంచుకి ముందు అంగుళం వెడల్పు నాడా కుట్టేయండి, లేకపోతే దారం లాగినప్పుడు ఐడా గళ్లు చిరుగుతాయి. తర్వాత లావు దారం, క్రోషే నూలు సరిపోతుంది, నాడాలోంచి తీసి పక్క పట్టీ చుట్టూ తిప్పి మళ్లీ నాడాలోకి, అలా అంగుళానికి ఒకటి చొప్పున కింది వరకూ. దారం చివర గట్టి ముడి వద్దు, లాగితే ఊడే ముడి వేయండి, ఎందుకంటే గుడ్డ తిప్పినప్పుడల్లా పక్క దారం విప్పి మళ్లీ కట్టాలి. విసుగే. కానీ ఒకసారి కట్టాక ఆ రోజంతా దాన్ని ముట్టుకోనక్కర్లేదు.

కర్రకి కుట్టేటప్పుడు గుడ్డ మధ్య ఎక్కడుందో, కర్ర పట్టీ మధ్య ఎక్కడుందో గుర్తు పెట్టుకుని మధ్య నుంచి చివరలకి కుట్టండి. ఒక చివర నుంచి మొదలుపెడితే రెండో చివరకి వచ్చేసరికి గుడ్డ వంకర తిరుగుతుంది, తర్వాత నట్లు ఎంత బిగించినా ఆ వంకర పోదు. ఫ్రేము ఒళ్లో కాకుండా బల్లకో స్టాండుకో ఆనించి పెట్టుకుంటే ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి కింద ఉంటుంది, మేం అలాగే కూర్చుంటాం, పని వేగం బాగా పెరుగుతుంది, మణికట్టు నొప్పి కూడా తగ్గుతుంది.

డాలస్_దారాలు:

ఇక్కడ అమెరికాలో చాలామంది వాడేది క్యూస్నాప్. సన్నటి ప్లాస్టిక్ గొట్టాలు నాలుగు, మూలల్లో ఎల్బోలు, గుడ్డ పరిచి పైనుంచి సగం గొట్టం లాంటి క్లిప్పులు నొక్కడమే. 6, 8, 11, 17 అంగుళాల సైజులు ఉంటాయి, 11కి 17 కూడా. గుడ్డ వదులైతే తీసి మళ్లీ పెట్టక్కర్లేదు, క్లిప్పుని బయటికి తిప్పితే గుడ్డ బిగుస్తుంది, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. చతురస్రం కాబట్టి పడుగు పేకల ప్రకారమే లాగుతుంది, ఐమూల గొడవ దాదాపు ఉండదు. ఇబ్బంది ఒక్కటే, కొన్నాళ్లు వాడాక క్లిప్పులు కొంచెం వదులవుతాయి, అప్పుడు గొట్టానికీ క్లిప్పుకీ మధ్య పల్చటి గుడ్డ ముక్క ఒకటి వేస్తే మళ్లీ పట్టుకుంటాయి.

అక్కడ దొరక్కపోతే హార్డ్‌వేర్ షాపులో పీవీసీ గొట్టం, ఎల్బోలు కొని చేసుకోవచ్చు. క్లిప్పుల కోసం అదే సైజు గొట్టాన్ని నిలువునా చీల్చి సగం కన్నా కొంచెం ఎక్కువ మిగిలేలా కోయాలి. అంచులు గరుకు కాగితంతో బాగా రుద్దండి, లేకపోతే ఐడాని కోసేస్తాయి.

ఇంకో దారి నాలుగు చెక్క పట్టీల స్ట్రెచర్ ఫ్రేము, పెయింటింగ్ కాన్వాసు సాగదీసేది. గుడ్డ మొత్తాన్నీ ఒకేసారి డ్రాయింగ్ పిన్నులతో బిగిస్తారు, పైన మధ్యలో ఒకటి, కింద మధ్యలో ఒకటి, కుడి, ఎడమ, తర్వాత కొంచెం కొంచెంగా మూలల వైపు. బిగువులో దీన్ని మించింది లేదు. కానీ మీ బొమ్మకి అది నేను చెప్పను. 210 కుట్లు అంటే 14 కౌంట్ మీద 15 అంగుళాలు, 280 అంటే 20 అంగుళాలు, చుట్టూ మూడేసి అంగుళాలు వదిలితే 21కి 26. అంత చట్రం ఒళ్లో పెట్టుకుంటే మధ్యకి చెయ్యి అందదు. చిన్న బొమ్మలకే అది. పిన్నులు ఇత్తడివి వాడండి, సముద్రం పక్క ఊళ్లో ఇనప పిన్ను తుప్పు మరక వదిలితే పోదు.

కాకినాడ_కుట్లు:

అందరికీ చాలా థ్యాంక్స్. ట్యూబులైటు పరీక్ష చేశాను, స్క్రూకి ఎడమ పక్క వేలెడు పొడవున వెలుతురు కనిపించింది 😅 బొందు చుట్టి చూస్తాను. నాది పైకీ కిందికీ గుచ్చే పద్ధతే. రెండు సందేహాలు. చుట్టూ మూడంగుళాలు అన్నారు, నా గుడ్డకి ఒక పక్క అంగుళంన్నరే ఉంది, అక్కడ రింగు ఎలా పట్టుకుంటుంది? సాగిపోయిన గళ్లు మళ్లీ సరవుతాయా?

పడుగుపేక:

అంగుళంన్నర ఉన్న పక్క పాత కాటన్ లైనింగ్ ముక్క ఏదైనా నాలుగంగుళాల వెడల్పున జత చేసి మిషన్ మీద కుట్టేయండి, రింగు దాన్ని పట్టుకుంటుంది, పూర్తయ్యాక విప్పేయొచ్చు. ఆ కుట్టు మీదే రింగు పడకుండా చూసుకోండి, లావు తేడాకి పట్టు పోతుంది. మిగతా మూడు పక్కలా పీచు లేవకుండా, చీరలకి ఫాల్ కుట్టే ఆవిడ దగ్గర పీకో చేయించండి, పది నిమిషాల పని.

గళ్లు చాలావరకూ సరవుతాయి. చల్లటి నీళ్లలో కాసేపు నానబెట్టి, పిండకుండా టవల్లో చుట్టి తడి పీల్చి, గళ్లు ఏ ఐమూలగా సాగాయో అది కాకుండా మిగతా రెండు మూలలు పట్టి మెల్లగా లాగండి, ఐమూలగా లాగొచ్చు అని నేను చెప్పేది ఇక్కడ ఒక్కచోటే. స్కేలు పెట్టి చూసుకుని బల్లపరుపుగా ఆరబెట్టండి. కొంచెం తడి ఉండగా మందపాటి టవల్ మీద బోర్లా వేసి వెనక నుంచి ఇస్త్రీ, అణిగిన కుట్లు కూడా ఆ టవల్లోకి దిగి మళ్లీ లేస్తాయి. ఎరుపు దారం వాడి ఉంటే ముందు తడి దూది అద్ది రంగు వస్తుందేమో చూడండి. ఒకటి మర్చిపోవద్దు, నీళ్లలో పెడితే ఐడా గంజి కొంత పోయి గుడ్డ మెత్తబడుతుంది, కాబట్టి బొందు చుట్టిన రింగు ముందే సిద్ధం చేసుకోండి.

మగ్గం_బ్లౌజులు:

కుట్టిన భాగం మీద రింగు పడక తప్పనప్పుడు పల్చటి మల్ గుడ్డ ముక్క పైన పరిచి రింగు వెయ్యి చెల్లీ, మధ్యలో కుట్టే చోటు మేర ఆ మల్ గుడ్డని మాత్రమే కత్తిరించి తెరుచుకో. పూసలు కుట్టే ఉద్దేశం ఉంటే అవి మాత్రం ఆఖర్న పెట్టుకో, రింగు కింద పడితే పగులుతాయి.

కాకినాడ_కుట్లు:

పూసలు ఉన్నాయక్కా, నెమలి పింఛం దగ్గర. సరే ఆఖర్నే పెడతాను. బొందు కూడా ముందు ఉతకాలా?

పడుగుపేక:

ఉతికి ఇస్త్రీ చేసి చుట్టండి. కొత్త బొందు మొదటి తడికి కుంచించుకుపోతుంది.