మూడు భాగాలూ చదివాక ఇప్పుడు సినిమా చూడాలా?

ప్రశ్న: లార్డ్ ఆఫ్ ద రింగ్స్ పుస్తకం మూడు భాగాలూ చదివేశాను. 2001లో వచ్చిన మొదటి సినిమా చూడాలని ఉంది కానీ, నేను ఊహించుకున్న లోకం చెదిరిపోతుందేమోనని టెన్షన్. చాలా మార్చేశారా?

జవాబు: మార్చారండి. టామ్ బాంబడిల్ అనే పాత్ర అసలు లేడు, అది నాకు ఇప్పటికీ బాధే. కానీ పుస్తకంలో రెండో భాగం మొదట్లో వచ్చే, ఫ్రోడో ప్రయాణంలో తోడున్న వీరుడు బోరోమిర్ మరణాన్ని మొదటి సినిమా చివరికి తెచ్చారు చూడండి, ఆ ముగింపుకి అంత బరువు రావడానికి కారణం అదే.

జవాబు: ఉంగరాన్ని వదిలేసి బిల్బో వెళ్లిపోయాక, దాన్ని తీసుకుని కథానాయకుడు ఫ్రోడో బయల్దేరడానికి పుస్తకంలో 17 ఏళ్లు పడుతుంది, సినిమాలో అంతా చకచకా అయిపోతుంది. ఆ తీరిక పోయింది.

జవాబు: ఎక్స్‌టెండెడ్ ఎడిషన్ (అదనపు సన్నివేశాలు కలిపిన వెర్షన్) చూడండి. ఎల్ఫ్‌ల రాణి గలాడ్రియల్ బహుమతులిచ్చే సన్నివేశం అందులో ఇంకా వివరంగా ఉంది.