సగటు 30 అని ఉంది, మార్చి లెక్క పోయింది, పట్టుకోవచ్చా?

ట్యాంకర్_బాధితుడు:
అందరికీ నమస్తే. మాది బెంగళూరులో మారతహళ్ళి దగ్గర 12 ఫ్లాట్ల చిన్న అపార్ట్‌మెంట్, కావేరీ నీళ్ళ కనెక్షన్ లేదు, ఉన్న ఒక్క బోరు ఫిబ్రవరిలోనే చేతులెత్తేసింది, ఇక అంతా ట్యాంకర్లే. పాత సెక్రటరీ గారు ఇల్లు ఖాళీ చేస్తూ లెక్కల నోట్‌బుక్ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు, తీరా చూస్తే 2024 మార్చి పేజీ లేదు. మిగతావి ఉన్నాయి: నవంబర్ 18, డిసెంబర్ 21, జనవరి 24, ఫిబ్రవరి 33, ఏప్రిల్ 41 ట్యాంకర్లు. మార్చి డబ్బులు ఇంకా కట్టలేదు, ట్యాంకరాయనేమో 47 వేశానంటున్నాడు. సెక్రటరీ గారు అప్పట్లో వాట్సాప్ గ్రూప్‌లో "ఈ ఆరు నెలల సగటు నెలకి 30" అని పెట్టారు, దాన్నిబట్టి ఏమన్నా తేలుతుందా? నేనైతే ఉన్న ఐదు నెలల సగటు తీసి మార్చికి వేసేద్దామనుకున్నా, 27.4 వచ్చింది, మా ఆవిడ నవ్వింది.

ఎక్సెల్_బాబాయ్:
నవ్వదా మరి 😀 మార్చిలో ఊరు ఊరంతా బిందెలు పట్టుకుని నిలబడితే మీ బిల్డింగ్‌కి ఫిబ్రవరి కన్నా తక్కువ ట్యాంకర్లు ఎలా వస్తాయి బ్రో. ఆఫీసు డేటాలో ఖాళీలుంటే మేమూ అలా సగటుతో నింపేస్తుంటాం, కానీ అది ఉత్త అంచనా. నీ దగ్గరున్నది వేరే, మార్చిని కూడా కలిపి వేసిన సగటు. 30 ఇంటూ 6, మొత్తం 180. ఉన్న ఐదూ కూడితే 137. తీసెయ్, 43. ఆయన నాలుగు ఎక్కువ చెప్తున్నాడు, గట్టిగా అడుగు.

అనంతపురం_అక్క:
పెద్ద కూడికలు అక్కర్లేదు తమ్ముడూ, ట్యూషన్లో పిల్లలకి నేను ఇలా చెప్తా. 30 దగ్గర నిలబడి చూడు. నవంబర్ 12 తక్కువ, డిసెంబర్ 9 తక్కువ, జనవరి 6 తక్కువ, అంటే 27 గొయ్యి. ఫిబ్రవరి 3, ఏప్రిల్ 11 ఎక్కువ, 14 పూడింది. ఇంకా 13 గొయ్యి ఉంది కదా, అది మార్చే పూడ్చాలి, ఎందుకంటే సగటు నుంచి ఎక్కువలూ తక్కువలూ సరిసమానం అయి తీరాలి. 30కి 13 కలిపితే అదే 43.

సిల్క్‌బోర్డ్_సిగ్నల్:
ఆగండాగండి, గొడవకి వెళ్ళేముందు రెండు చూసుకోండి. ఒకటి, ఎక్సెల్‌లో సగటు వేస్తే ఖాళీ గడిని వదిలేసి ఉన్నవాటితోనే భాగిస్తుంది, మార్చి అప్పటికే ఖాళీగా ఉంటే ఈ లెక్కంతా దండగ. కానీ అలాగైతే 27.4 అని రావాలి, 30 వచ్చిందంటే మార్చి ఉన్నట్టే, అది ఓకే. అసలు చిక్కు రెండోది. ఆ 30 నిజంగా 30 యేనా, లేక 29.6నో 30.4నో మెసేజ్‌లో గుండ్రంగా 30 అనేశారా? సగటులో అర తేడా వస్తే మొత్తంలో ఆరు రెట్లు, అంటే మూడు ట్యాంకర్లు. కాబట్టి మార్చి 40 నుంచి 45 దాకా ఏదైనా కావచ్చు. 47 మాత్రం కాదు, అప్పుడు సగటు 30.67 అయ్యి 31 అని రాసేవాళ్ళు.

ట్యాంకర్_బాధితుడు:
అమ్మో, 43 అని ఆయనకి మెసేజ్ టైప్ చేసి కూడా పెట్టుకున్నా, పంపలేదు నయం. మీటింగ్ మినిట్స్ పుస్తకం వెతికితే అందులో సగటు 30.3 అని ఉంది.

సిల్క్‌బోర్డ్_సిగ్నల్:
ఇంకేం కావాలి, తేలిపోయింది. 30.3 ఇంటూ 6 అంటే 181.8. ఇప్పుడు మొత్తంలో తేడా మహా అయితే 0.05 ఇంటూ 6, అంటే 0.3, ట్యాంకర్లేమో ముక్కలుగా రావు, కాబట్టి మొత్తం 182. అందులో 137 పోతే మార్చి 45.

ఎక్సెల్_బాబాయ్:
నా 43 వెనక్కి తీసుకుంటున్నా 🙏

ట్యాంకర్_బాధితుడు:
అప్‌డేట్: ఫోన్ చేసి మినిట్స్ పుస్తకం ప్రకారం 45 సార్ అన్నా, ఒక్క నిమిషం ఆగి "ఆయ్తు బిడి సార్" (కన్నడలో సరే వదిలేయండి అని) అనేశాడు. థాంక్స్ అందరికీ.

అనంతపురం_అక్క:
బాగుంది. ఇంతకీ ఒక్కోదానికి ఎంత వేస్తున్నాడు? ఆ మార్చిలోనే 12 వేల లీటర్లకి, 5 కిలోమీటర్ల లోపైతే 1000 రూపాయలని జిల్లా యంత్రాంగం రేటు కట్టింది కదా?

ట్యాంకర్_బాధితుడు:
రేటు సంగతి ఎత్తకక్కా, దానికి ఇంకో పోస్ట్ పెట్టాలి 😭