అంగన్‌వాడీలో ఆరేళ్లు చేస్తే ‘అనుభవం’ కిందికి రాదా?

గోదారి_గట్టు:
ఊళ్లో ఆరేళ్లు అంగన్‌వాడీ టీచరుగా చేశాను. మా పిల్లల చదువుల కోసం కాకినాడ వచ్చేశాం. మొన్న ఒక ఆసుపత్రిలో ఫ్రంట్ ఆఫీసు ఉద్యోగానికి వెళ్తే, అనుభవం అన్న గడిలో ‘లేదు’ అని రాయమన్నారు. పిల్లల్ని ఆడించడం లెక్కలోకి రాదట. రాదంటారా?

హెచ్చార్_మియాపూర్:
రాదు. పదకొండేళ్లుగా ఇంటర్వ్యూలు చేస్తున్నాను, ఉన్నమాట చెప్తాను. ఓర్పు, ప్రేమ మంచి గుణాలే, కానీ నైపుణ్యాలు కావు. బిల్లింగ్ వచ్చా, ఇన్సూరెన్స్ కాగితాలు చూడటం వచ్చా? కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) చేసినవాళ్లంతా ‘లీడర్‌షిప్’ అని రాస్తారు, ఏం చేశారంటే మొక్కలు నాటాం అంటారు.

ఎన్‌ఎస్‌ఎస్_మాస్టారు:
నేను ప్రోగ్రాం ఆఫీసర్‌గా చేశాను కాబట్టి ఈ మాటకు జవాబు చెప్పాలి. ఒక క్యాంపులో ఇంకుడు గుంత తవ్వుతుంటే మూడో రోజుకి సగం మంది పిల్లలు పలుగు కింద పెట్టేశారు. జీతం కోసే వీల్లేదు, మెమో ఇచ్చే వీల్లేదు. దగ్గర కూర్చుని అడిగితే ఒకడు చెప్పాడు, ‘సార్, నీళ్లు ఇటు రావు, వాలు అటుంది’ అని. నిజమే. చోటు మార్చాం, సాయంత్రానికి గుంత అయిపోయింది. జీతం లేనివాళ్ల చేత పని చేయించాలంటే ముందు వాళ్ల మాట వినాలి. మీ ఆఫీసుల్లో ఎంతమంది మేనేజర్లకు వచ్చు అది?

హెచ్చార్_మియాపూర్:
ఎన్‌ఎస్‌ఎస్ అంటే రెండేళ్లలో 240 గంటలు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున 30 రోజులు. నెల రోజుల పనిని అనుభవం అంటే ఎలా మాస్టారూ?

సిక్కోలు_సిన్నోడు:
240లో క్యాంపు కలుస్తుందా?

ఎన్‌ఎస్‌ఎస్_మాస్టారు:
కలవదు. ఏడు రోజుల క్యాంపు వేరే. అయినా గంటల గురించి కాదు నేను చెప్తున్నది.

హెచ్చార్_మియాపూర్:
నేను గంటల గురించే అడుగుతున్నాను. సరే, 37 రోజులు.

గోదారి_గట్టు:
సార్, నాది ఆరేళ్లు, 37 రోజులు కాదు. పిల్లల్ని ఆడించడం అంటే ఏంటో ఒక్కటి చెప్తాను. తూకం రోజు మూడేళ్ల పిల్ల మిషన్ ఎక్కనని ఏడుస్తుంది. ముందు బొమ్మను నిలబెట్టి దాని బరువు చదువుతాను, తర్వాత తనే ఎక్కుతుంది. అంతవరకు తేలికే. బరువు తగ్గి చార్టులో గీత పసుపులోకి దిగిందనుకోండి, పక్కన నలుగురు తల్లులు, వెనక నానమ్మ. అక్కడే చెప్తే ‘మా ఇంట్లో తిండి లేదంటావా’ అని గొడవ. అందుకే చార్టు మూసేసి, మర్నాడు ఇంటికెళ్లి, నానమ్మతోనే ముందు మాట్లాడేదాన్ని, ఎందుకంటే ఆ ఇంట్లో గిన్నె ఆవిడ చేతిలో ఉంటుంది. ఆసుపత్రి కౌంటర్‌లో భయంతో వచ్చినవాళ్లతో మాట్లాడటం ఇంతకన్నా వేరా? తర్వాత రిజిస్టర్లు, ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ యాప్, గుడ్ల లెక్క, పాల లెక్క.

హెచ్చార్_మియాపూర్:
అమ్మా, ఇది రెజ్యూమెలో ఉందా? ‘పిల్లలతో పని, ఓర్పు ఎక్కువ’ అని రాస్తే నాకేం తెలుస్తుంది? ఇప్పుడు చెప్పింది చెప్పినట్టు రాయండి.

పలకాబలపం:
తప్పంతా ఆవిడ రాతలో ఉందన్నమాట! తొమ్మిదేళ్లు ఒక ప్రైవేటు స్కూల్లో ఎల్‌కేజీ చెప్పాను. జీతం పెంచమన్నప్పుడల్లా ‘మీ ఓర్పుకి దణ్ణం పెట్టాలి మేడమ్’ అనేవారు, దణ్ణంతోనే సరిపెట్టేవారు. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది, 50 ఏళ్లు దాటినా టీచర్లకు ఇచ్చేదాన్ని ఇంకా గౌరవ వేతనం అనే అంటున్నారు. గ్రాట్యుటీ వీళ్లకూ వర్తిస్తుందని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. 2023 డిసెంబరులో ఆంధ్రాలో సమ్మెకు దిగితే, అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం పెట్టారు. ఆ పని అంత అత్యవసరమైతే అనుభవం ఎందుకు కాదు? సేవ, సేవ అని మాస్టారు లాంటివాళ్లు అనబట్టే మా పని ఉచితమైపోయింది.

ఎన్‌ఎస్‌ఎస్_మాస్టారు:
ఈ మాట నొప్పించిందమ్మా. నేను ఎవరి జీతం తినలేదు.

పలకాబలపం:
మీరు తిన్నారనలేదు సార్. మీ పిల్లలు ఏడు రోజులు చేసి ఇంటికెళ్తారు. మాకు ఇల్లు గడిచేది దాంతోనే.

హెచ్చార్_మియాపూర్:
అందరూ నన్నే తిడుతున్నారు కాబట్టి చెప్పేస్తున్నాను. ఆ గడిలో ఆరేళ్లు అని రాస్తే జీతం స్లాబు మారుతుంది. పైవాళ్లు ఫ్రెషర్ రేటుకే మనిషిని తెమ్మంటారు. ఆవిడకు పని రాదని ఏ హెచ్చారూ అనుకోడు. మా అమ్మ అంగన్‌వాడీ ఆయా. నాకు తెలియకనా?

పలకాబలపం:
ఈ ముక్క చెప్పడానికి ఇంతసేపా తమ్ముడూ? నైపుణ్యం కాదని ఎందుకు వాదించావు మరి?

సిక్కోలు_సిన్నోడు:
ఆసుపత్రి వాళ్లు మళ్లీ ఫోన్ చేశారా అక్కా?

గోదారి_గట్టు:
నిన్న చేశారు. ఫ్రెషర్ కింద 12 వేలు ఇస్తాం, సోమవారం చేరమన్నారు. అంగన్‌వాడీలో 11,500 వచ్చేది. హెచ్చార్ గారూ, మీ స్లాబులో ఆరేళ్లకి ఎంత ఉంటుందో చెప్పండి. సోమవారం ఆ అంకె అడిగాకే సంతకం పెడతాను.