కృష్ణబిలంలోని బిలం

ఇంగ్లీషు ‘బ్లాక్ హోల్’ను నల్లరంధ్రం అంటే అందరికీ అర్థమయ్యేదానికి కృష్ణబిలం అనే సమాసం ఎందుకని ఒక మిత్రులు అడిగారు. నా మట్టుకు నాకు ఇక్కడ బిలమే సరైన మాట. రంధ్రం అనగానే వేణువో జల్లెడో మనసులో మెదులుతుంది. ఒక పక్క దూరినది మరో పక్క నుంచి బయటపడుతుంది. బిలం స్వభావం వేరు. కిష్కింధకాండలో దాహంతో ఋక్షబిలంలోకి దిగిన హనుమదాదులతో స్వయంప్రభ, ఇందులో ప్రవేశించినవారు ప్రాణాలతో తిరిగి వెళ్లడం కష్టమని చెబుతుంది. మాయావిని తరుముతూ వాలి దూరినదీ బిలంలోకే. ద్వారం దగ్గర ఏడాదిపాటు కాచుకున్న సుగ్రీవుడికి కనీసం నెత్తుటి నురగైనా కనబడింది. కృష్ణబిలం సరిహద్దు, అంటే ఘటనా దిగంతం, దాటిన చోటు నుంచి వెలుగు సైతం బయటికి రాదు.

అయితే ఈ మాటలో ఒక లోపం ఉన్నదని ఒప్పుకోవాలి. బిలం అంటే లోపల ఖాళీ అనిపిస్తుంది, కాని అక్కడ ఉన్నది మితిమీరి కుదించుకుపోయిన ద్రవ్యరాశి. సూర్యుడు కృష్ణబిలం కావాలంటే సుమారు 3 కిలోమీటర్ల వ్యాసార్థంలోకి కుదించుకుపోవాలి. భూమి అయితే సుమారు 9 మిల్లీమీటర్ల వ్యాసార్థంలోకి, అంటే కుంకుడుకాయంత పరిమాణానికి, రావాలి.

కాలబిలం అనేవారూ ఉన్నారు. ‘కాల’ శబ్దానికి నలుపు అనే అర్థం సంస్కృతంలో ఉన్నా, తెలుగువారి చెవికి ముందుగా తోచేది సమయమే. దిగంతానికి చేరువయ్యేకొద్దీ, దూరాన ఉన్నవారి లెక్కలో, గడియారం మందగిస్తుంది కనుక ఆ పేరు కుదిరిందనిపించవచ్చు, కాని పేరు వచ్చింది నలుపు వల్లనే. 2019 ఏప్రిల్ 10న విడుదలైన, ఎం87 గెలాక్సీ నడుమనున్న కృష్ణబిలం చిత్రంలో, మండుతున్న వాయువుల వలయం మధ్య నల్లని నీడను చూసినవారికి ‘కృష్ణ’ విశేషణం ఎంత యథార్థమో తెలుస్తుంది.

నా అభ్యంతరమల్లా పత్రికల్లో దాని పక్కన తరచు చేరే ‘మింగేస్తుంది’ అనే క్రియ మీదనే. ఆ మాట వింటే చుట్టుపక్కల ఉన్నదంతా లాక్కొనే రాక్షసి కళ్లకు కడుతుంది. సూర్యుడి స్థానంలో అంతే ద్రవ్యరాశి గల కృష్ణబిలాన్ని ఉంచితే మనకు వెలుగూ వేడీ కరవవుతాయి గాని, భూమి ఇప్పటి కక్ష్యలోనే తిరుగుతూ ఉంటుంది. బాగా దగ్గరికి వెళ్లినదే అందులో పడుతుంది. అందుచేత ‘కృష్ణబిలంలో పడింది’ అని రాయడమే నిజానికి దగ్గరగా ఉంటుంది.