రిఫ్లెక్షన్ వ్యాసం రెండుసార్లు వెనక్కి వచ్చింది, ఎలా సరిచేయాలి?

అమెరికాలో ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్‌లో (పాఠాలు, శిక్షణ కోర్సులు రూపొందించే చదువు) మాస్టర్స్ చేస్తున్నాను, ఇది చివరి సెమిస్టర్. పోర్ట్‌ఫోలియోతో పాటు, ఈ చదువులో నేనెలా ఎదిగానో 1500 పదాల్లో రాసివ్వాలి. ఇంకా 12 రోజులే ఉంది. రెండుసార్లు ఇచ్చాను. రెండుసార్లూ "ఏం చేశావో రాశావు, నీలో ఏం మారిందో రాయలేదు" అని మేడం తిప్పి పంపారు.

మొదటిసారి ప్రాజెక్టులన్నీ అడ్డీ (కోర్సు తయారీలో విశ్లేషణ, డిజైన్, తయారీ, అమలు, మూల్యాంకనం) దశల వరుసలో రాశాను. రెండోసారి గిబ్స్ రిఫ్లెక్టివ్ సైకిల్ (ఒక అనుభవాన్ని దశలవారీగా నెమరువేసుకునే పద్ధతి) తీసుకుని ఆరు దశలూ నింపాను. ఫారం నింపినట్టే వచ్చింది.

నిజంగా నన్ను మార్చింది ఒకటుంది. మొదటి సెమిస్టర్‌లో నర్సుల కోసం చేతుల శుభ్రతపై 42 స్లైడ్ల మాడ్యూల్ చేశాను. ఒక నర్సు పక్కన కూర్చుని చూస్తే, ఆవిడ ఏదీ చదవకుండా నెక్స్ట్ నొక్కుకుంటూ నేరుగా క్విజ్‌కి వెళ్లిపోయారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాకు తెలిసిందంతా అందులో పెట్టాను కానీ, ఆవిడకు ఏం కావాలో ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు అదే పాఠం 9 స్లైడ్లు. మొదటి స్లైడే ఒక ప్రశ్న: గ్లవ్స్ తీశాక చేతులు కడగాలా, అక్కర్లేదా?

ఇలాంటి వ్యాసం రాసి పాసైనవాళ్లు చెప్పండి: మిగతా ప్రాజెక్టులు వదిలేసి, వ్యాసమంతా ఈ ఒక్క మాడ్యూల్ మీదే నడపవచ్చా?